మైకులో దీపం

బళ్లారిలో మే నెల ఎట్లుంటుందో ఈ చుట్టుపక్కల ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. పొద్దుగూకినా కోటగుట్ట బండ సెగ కక్కుతూనే ఉంటుంది. అట్లాంటి ఊళ్లో, అట్లాంటి నెలలో, మా మనవడు ఇరవై వేలకు పైగా పోసి చైనా నుంచి ఒక మైకు తెప్పించుకున్నాడు. ఎందుకురా ఇంత డబ్బు అంటే, "సౌండు వార్మ్‌గా ఉంటాది తాతా" అన్నాడు. వెచ్చదనం కోసమంట! బళ్లారోడు వెచ్చదనాన్ని కొరియర్‌లో తెప్పించుకునే రోజులొచ్చినాయి.

లోపల వాల్వు ఉందంట. వాల్వు ఉంటే పాతకాలం నాదం వస్తుందంట. పాతకాలమంటే ఎవరిది? నాదే కదా. ఆ కాలంవాణ్ణి వసారాలో ఈజీచెయిర్లో కూర్చోనే ఉన్నాను. నన్నొక్క మాట అడక్కుండా యూట్యూబులో ఎవడో గడ్డం అమెరికావాణ్ణి అడిగి కొన్నాడు.

నేను ఒళ్లు వంగేదాకా మైక్ సెట్టు నడిపినవాణ్ణి. మా నాయన పెట్టిన అంగడి. పెళ్లి, తిరునాళ్లు, నాటకం, ఓట్ల ప్రచారం, దేనికైనా మా గొట్టాలు వెళ్లేవి. ఇటు సిరుగుప్ప, సండూరు. అటు గడేకల్లు, ఉరవకొండ, రాయదుర్గం. కన్నడ పెళ్లికి ఒక రకం ప్లేట్లు, తెలుగు పెళ్లికి ఒక రకం ప్లేట్లు, రెండిళ్ల కలయిక అయితే రెండూ కలిపి ఒక పెట్టె. ఎన్నికలొస్తే పండగే. 1999లో సోనియా గాంధీ, సుష్మా స్వరాజ్ ఇద్దరూ బళ్లారిలోనే ఒకరి మీద ఒకరు నిలబడినప్పుడు ఈ ఊళ్లో ఖాళీగా ఉన్న గొట్టం లేదు, గొంతు పోని ఆపరేటరు లేడు.

మా రోజుల్లో వాల్వులు మైకులో ఉండేవి కావు, ఆంప్లిఫయర్లో ఉండేవి. స్విచ్చి వేస్తే ఇప్పటి డబ్బాల్లాగా వెంటనే అరిచేది కాదు. ముందు లోపల సన్నగా ఎర్రబారాలి. వాల్వు నెత్తిన పేరుకున్న దుమ్ము కాలి ఒక కమురు వాసన రావాలి. ఆ తర్వాత గొట్టంలో నుంచి గుర్రు మొదలవ్వాలి. అప్పుడు "హలో, మైక్ టెస్టింగ్." ఆ గుర్రును చంపడానికి మేము పడని పాటు లేదు. ఎర్తు సరిగా లేదని పెళ్లివారి పెరట్లో ఇనుపకడ్డీ దిగ్గొట్టి ఉప్పునీళ్లు పోసేవాళ్లం. ఫిల్టరు కండెన్సర్లు ఉబ్బితే మార్చేవాళ్లం. వాల్వు పీకి, కాళ్లు గీకి, మళ్లీ గుచ్చేవాళ్లం. పెళ్లికొడుకు మేనమామ వచ్చి "ఏందప్పా ఇది, మైకా, పిండిమరా?" అంటే తలదించుకుని ఇంకో వాల్వు మార్చేవాళ్లం. ఇప్పుడేమో ఆ గుర్రును, ఆ మసకను, ప్లేటు మీద గీత పడిన చిటపటను కూడా కంప్యూటర్లో విడివిడిగా అమ్ముతున్నారు, పాట శుభ్రంగా రికార్డు చేసుకుని మీద పూసుకోవడానికి. మేము జన్మంతా ఊడ్చి పారబోసింది వీళ్లు బుట్టలకెత్తుకుని కొనుక్కుంటున్నారు.

ఇంక మైకుల మాట. మావన్నీ డైనమిక్ మైకులు. అహూజావి, షికాగో రేడియోవి. షికాగో అంటే అమెరికా అనుకునేరు, బొంబాయి కంపెనీ అది. గాంధీ, నెహ్రూ సభల పాత ఫోటోల్లో మైకు కింద ఆ పేరు పలక కనిపిస్తుంది చూడండి. ఆ రోజుల్లో కింద పడితే నేల పగలాలే గానీ మైకు పగిలేది కాదు. అంతకుముందు మా నాయన కాలంలో క్రిస్టల్ మైకులు ఉండేవి. అవి మా ఊరికి పనికొచ్చే సరుకు కాదు. లోపల రోషెల్ లవణం అనే స్ఫటికం పలక ఉంటుంది, 55 డిగ్రీల వేడి తగిలితే దాని కథ ముగిసినట్టే. ఎండలో నిలబెట్టిన జీపులో సీటు మీద మరచిపోతే సాయంత్రానికి మూగబోయేది. మా నాయన వాటిని ఎండిన కొత్తకుండలో పెట్టి మంచం కిందికి తోసేవాడు. ఇంట్లో పసిపిల్లలకు కూడా అంత మర్యాద జరగలేదు.

మా మనవడు తెప్పించుకున్న రకం, కండెన్సర్ మైకు అనేది మేము బొమ్మల్లో చూసిందే. అది మద్రాసు స్టూడియోల సొత్తు, రికార్డింగు కంపెనీల సొత్తు. కాబట్టి మా మనవడు వెతుక్కుంటున్న ఆ 'పాత నాదం' బళ్లారి వీధుల్లో ఏనాడూ మోగింది కాదు. మా వీధుల్లో మోగింది రేకు గొట్టం. ఘంటసాల భగవద్గీత అయినా, ఓటు వేయండని అరుపైనా, ఆ గొట్టంలో పడి ముక్కుతో మాట్లాడినట్టే వచ్చేది. జనానికి అదే అమృతం. వీడికి ఆ సంగతి చెప్తే "అది వేరే తాతా, ఇది వింటేజ్" అంటాడు.

అసలు మైకే లేని కాలం ఒకటుంది. దాని గురించి ఈ ఊళ్లోవాళ్లకే గుర్తులేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభ పెట్టింది ఇక్కడ. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపింది ఇక్కడ. ఇద్దరూ వకీళ్లు, పగలు కోర్టులో వాదించి రాత్రి నాటకం ఆడించినవాళ్లు. రామకృష్ణమాచార్యుల మేనల్లుడే బళ్లారి రాఘవ, ఆయనా వకీలే. మేనమామ తెలుగు నాటకంలోకి పాటలు, పద్యాలు దండిగా తెచ్చాడు. మేనల్లుడు వచ్చి, ఊరికే రాగాలు తీసుకుంటూ కూర్చుంటే నాటకం ఎప్పుడు నడుస్తుందయ్యా అని మాటకు పెద్దపీట వేశాడు. 1946లో పోయాడాయన. నేను చూడలేదు, మా నాయన చూశాడు. కోపం వచ్చినప్పుడు గొంతు పెంచేవాడు కాదంట, తగ్గించేవాడంట. తగ్గించిన గొంతు వెనక బెంచీకి చేరేదంట. ఎట్లా చేరుతుంది? కడుపులోంచి ఊపిరి, అక్షరం అక్షరానికి విరుపు, పైగా ఎదుట కూర్చున్న జనం గుసగుస కూడా ఆపేసి వినడం. ఈ మూడోది ఏ కంపెనీ తయారుచేసి అమ్ముతుందో చెప్పండి, నేనే డబ్బిచ్చి మా వాడికి కొనిపెడతాను.

తర్వాత మైకు వచ్చింది. రాఘవ వద్దన్న రాగాలు దాంతోపాటే తిరిగి లేచినాయి. ఒక్క పద్యానికి రాగం ఎంతసేపు లాగితే అంత మొనగాడు. సరే, అది జనం కోరింది, నేను కాదనేవాణ్ణి కాదు. ఒన్స్‌మోర్‌లు కొడుతుంటే ఆంప్లిఫయర్ పక్కన కూర్చుని నేనూ తలాడించినవాణ్ణే. కానీ ఆ నటులకు మైకుతో ఎట్లా మసలుకోవాలో తెలుసు.

కురుక్షేత్రం నాటకానికి రంగస్థలం మీద అడ్డంగా వెదురు కట్టి రెండు మైకులు తాళ్లతో వేలాడదీసేవాళ్లం. ఒకటి కింద, హార్మోనియం పక్కన. కిరీటాలకు తగలకుండా ఎత్తు చూసుకోవాలి. లేకపోతే రాయబారం మధ్యలో ఠంగుమని కృష్ణుడి తల మోగుతుంది. సిరుగుప్ప దిక్కు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు కృష్ణపాత్రకు. అసలు పని వ్యవసాయం. పద్యం ఎత్తుకునేటప్పుడు మైకు కింద మూరెడు దూరంలో ఉంటాడు. మంద్రంలో రెండు పాదాలు నడుస్తాయి. పైస్థాయి అందుకోబోయే ముందు ఎడమకాలు ఒక అడుగు వెనక్కి వేస్తాడు, మొహం కొంచెం పక్కకు తిప్పుతాడు. జనానికి అది అభినయం. నాకు మాత్రం తెలుసు, ఆ కాలు వెనక్కి పడిందంటే నేను వాల్యూం మీద చెయ్యి వేయాల్సిన పనిలేదని. పైషడ్జమం దగ్గర గొట్టం పగిలేది కాదు, కుయ్యిమని కూత పెట్టేది కాదు. రాగం దిగి మాటలోకి వచ్చేటప్పుడు ఆ కాలు మళ్లీ ముందుకు వచ్చేది. ఇప్పుడు మా మనవడి కంప్యూటర్లో కంప్రెసర్ అని ఒకటుంది, ముల్లు ఊగుతూ ఉంటుంది. చేసే పని ఆ ఎడమకాలు చేసిన పనే.

ఇప్పటివాళ్లు పెదవులు మైకుకు అంటించి పాడతారు. ఊపిరి, లాలాజలం, మింగడం, అన్నీ వినపడాలి. అదే ఫీల్ అంట.

పోనీలే, వీడు తెచ్చుకున్నది ఏమిటో చూద్దామని ఒకరోజు వీడు లేనప్పుడు విప్పాను. విప్పకుండా ఏ వస్తువు గురించీ నేను మాట్లాడను. ఇత్తడి ఒళ్లు, బరువు బాగానే ఉంది. పైన జాలీ ఒక పొర కాదు, మూడు పొరలు, కోళ్ల గూటికి కూడా అంత భద్రం ఎవరూ చేయరు. జాలీ తీస్తే మధ్యలో పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్ద గుండ్రం. దాని మీద బంగారం పూత పూసిన ప్లాస్టిక్ పొర. దాని మందం వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. వెనక చిల్లులు పొడిచిన ఇత్తడి పలక. రెంటి మధ్య అరవై వోల్టుల దాకా పెడతారు. గొంతు తగిలి పొర కదిలితే ఆ కదిలినంత సన్నటి వోల్టేజి పుడుతుంది. ఆ వోల్టేజి ఎంత నీరసమైనదంటే జానెడు తీగను కూడా దాటలేదు. అందుకని దానికి ఆనుకునే వాల్వు పెడతారు. పొర మీద ఏ బరువూ పడనీయకుండా ఆ మాటను అందుకుని, కేబుల్ మోసేంత బలంగా చేసి పంపడమే వాల్వు పని. ఆ చోట ఉండే రెసిస్టరు ఒక్కోసారి వంద కోట్ల ఓములు ఉంటుంది. వంద కోట్లు! మా ఆంప్లిఫయర్లలో పది లక్షల ఓముల రెసిస్టరే పెద్దమనిషి.

1967లో న్యూమన్ అనే జర్మనీ కంపెనీవాళ్లు యు87 అనే మైకు తెచ్చి, వాల్వు చేసే ఆ పనినే చిన్న ట్రాన్సిస్టరు చేత చేయించారు. వేడి లేదు, వేరే కరెంటు పెట్టె లేదు, గుర్రు తక్కువ. లోకం హమ్మయ్య అనుకుంది. మళ్లీ ఇన్నేళ్లకు వాల్వు కావాలంటున్నారు. కొన్ని చౌక పెట్టెల్లో అయితే వాల్వు వెనక నారింజ రంగు ఎల్‌ఈడీ పెట్టి చిన్న కిటికీ కూడా తెరుస్తారు, కొన్నవాడికి లోపల దీపం వెలుగుతున్నట్టు కనిపించాలని. దేవుడి పటం దగ్గర సీరియల్ బల్బులు పెట్టినట్టే. పాట వినేవాడికి ఆ దీపం కనపడదు కదరా అంటే వీడి దగ్గర జవాబు లేదు.

వీళ్లు దండం పెట్టుకునే అసలు దేవుళ్ల చరిత్ర కూడా కాస్త చెప్పాలి, వీళ్లకు ధరలు తప్ప ఏమీ తెలియవు. బెర్లిన్‌లో గియోర్గ్ న్యూమన్ 1928లో సీసా ఆకారంలో ఒక కండెన్సర్ మైకు చేశాడు. యుద్ధంలో బాంబులు పడి ఫ్యాక్టరీ 1943లో గెఫెల్ అనే చిన్న ఊరికి తరలిపోయింది. యుద్ధం అయ్యాక ఆయన పశ్చిమ బెర్లిన్‌లో మళ్లీ అంగడి తెరిచాడు, గెఫెల్ ఏమో తూర్పు జర్మనీలో ఉండిపోయింది. ఒకటే విద్య, మధ్యలో సరిహద్దు. 1953 అక్టోబరు 1న మన బళ్లారి జిల్లాను చీల్చి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్రకు, మిగతాది మైసూరుకు పంచినట్టే అయింది వాళ్ల పని. అటూ ఇటూ ఎం7 అనే అదే గుండ్రాన్ని తయారు చేసుకుంటూ పోయారు. 1949లో పశ్చిమం వైపు నుంచి యు47 వచ్చింది. దాని వాల్వు వీఎఫ్14, టెలిఫుంకెన్ వాళ్లది, అసలు రేడియోలకోసం చేసింది. గుర్రు లేనివాటిని ఏరి ఏరి మైకులో పెట్టేవారు. 1950ల చివరికల్లా ఆ వాల్వు తయారీ ఆగిపోయింది. ఏం చేయాలి? 1960లో ఈఎఫ్86 వాల్వుతో, కొత్త గుండ్రంతో యు67 చేశారు. ఇక తూర్పు జర్మనీవాళ్లు 1950లలో చైనాకు సాయం చేసి బీజింగ్‌లో పెద్ద ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ కట్టించారు, 718 అని. దాని పిల్లే 797 నంబరు ఫ్యాక్టరీ, మైకులు చేసేది. చైనా చౌక మైకుల వంశవృక్షంలో ఒక వేరు అక్కడుంది.

యు67 గుండ్రం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే నా కోపమంతా అక్కడే ఉంది. కె67 అంటారు దాన్ని. ఆ గుండ్రానికి సహజంగా పైస్థాయి ధ్వనులు ఎక్కువ పలికే గుణం ఉంది. అది న్యూమన్ వాళ్లకు తెలుసు. తెలిసే చేశారు. పైన ఎక్కువొచ్చేదాన్ని సర్క్యూట్లో లెక్కగా దించేశారు. దానివల్ల సొంత గుర్రు కూడా తగ్గింది, గొంతూ నునుపుగా వచ్చింది. ఇప్పుడు చౌకగా అమ్మే మైకుల్లో చాలావాటిది ఆ గుండ్రానికి నకలే. గుండ్రాన్ని నకలు కొట్టారు గానీ, దించే లెక్కను కొట్టలేదు. ఇక ఆ మైకు ముందు తెలుగు పద్యం పాడితే ఏమవుతుంది? మన భాషలో శ, ష, స లకు, చ, ఛ లకు కొదవా? 'శ్రీకృష్ణా' అంటే చాలు, పాము బుస కొట్టినట్టు 'శ్శ్శ్' అని చెవిలో సూది దిగుతుంది.

వీడికి ఆ బుస వినపడింది. మెచ్చుకుంటాను, చెవి ఉంది వాడికి. కానీ తప్పును వాల్వు మీదికి తోశాడు. "దీనికి మాడ్ చేయాల తాతా" అన్నాడు. మాడ్ అంటే మార్పులు చేయడం. మైకు కొన్న నెలలోనే మార్పులు చేసుకోవాలని కొనేవాడికి ముందే తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. మా కాలంలో అట్లాంటి సరుకును అంగడివాడి మొహాన కొట్టేవాళ్లం.

ఫ్యాక్టరీ వాల్వు 12ఎఎక్స్7. దాన్ని పీకి, విదేశంలో ఎవరి అటకమీదనో నిద్రపోతున్న పాత 12ఎవై7 తెప్పించాడు. కాళ్లు రెంటికీ ఒకటే అమరిక, గుచ్చితే సరిపోతుంది. గుచ్చాడు, పాడాడు, విన్నాడు. "చూడు తాతా, ఎంత స్మూత్‌గా వచ్చిందో!" అన్నాడు. 12ఎఎక్స్7 పెంచే గుణం 100, 12ఎవై7ది 44. సౌండే తగ్గింది. గుర్రు కూడా తగ్గిందిలే, ఆ వాల్వు దానికోసమే పేరుపడింది, కాదనను. కానీ బుస బుసలాగే ఉంది, కాకపోతే దూరం నుంచి కొడుతోంది. మొట్టికాయ వేయాలనిపించింది గానీ, గడ్డం వచ్చినవాణ్ణి ఎట్లా వేస్తాం?

వాడు పడుకున్నాక నేను సోల్డరింగ్ ఐరన్ వేడి పెట్టాను. ముందు కరెంటు పెట్టె తీగ పీకి, లోపలి కెపాసిటర్లలో నిలవున్న కరెంటు దిగేదాకా ఆగాను. ఇది కుర్రాళ్లకు గట్టిగా చెప్పాల్సిన మాట. ఆ చిన్న పెట్టెలో వంద వోల్టులకు పైనే ఉంటుంది, స్విచ్చి ఆపినా కాసేపు కాచుకుని కూర్చుంటుంది. యూట్యూబువాడు ఆ ముక్క వీడియో చివర్లో చెప్తాడు, అప్పటికి వీళ్లు వేలు పెట్టేసి ఉంటారు.

బోర్డు చూస్తే అసహ్యం వేసింది. టంకం పెట్టిన చోటల్లా జిగురు మరకలు, ఎవరివో వేలిముద్రలు. మామూలు ఆంప్లిఫయర్లో దానికి ఏమీ కాదు. వంద కోట్ల ఓముల చోట మాత్రం ఆ జిగురే ఒక దారి. బళ్లారి పొడి గాలికి ఎండాకాలమంతా గుట్టుగానే ఉంటుంది. వానాకాలంలో తేమ పట్టగానే, లేకపోతే పాడేవాడి ఊపిరి తగలగానే, చిటపట మొదలవుతుంది. అప్పుడు వీళ్లు వాల్వు పాడైందని ఇంకోటి కొంటారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి శుభ్రంగా కడిగి ఆరబెట్టాను. గుండ్రాన్ని మాత్రం ముట్టలేదు, దాన్ని వేలితో తుడిచినవాడు బంగారాన్నీ తుడిచేస్తాడు. జాలీ లోపలి సన్న పొర ఒకటి తీసేశాను, దానికి తగిలి గొంతు వెనక్కి తన్నుతోంది. చివరగా, వాల్వు ఆనోడు దగ్గర నుంచి నేలకు ఒక చిన్న కెపాసిటరు కట్టాను, కొన్ని వందల పికోఫారడ్లది, వోల్టేజి తట్టుకునేది. న్యూమన్ వాళ్లు చేసిన లెక్కంత సొగసైనది కాదు, మోటు వైద్యమే. నా పాత డబ్బాలో ఉన్న సరుకు, కొంటే ఐదు రూపాయలు. నాలుగు కెపాసిటర్లు మార్చి మార్చి, నేనే 'శ్రీశైల శిఖరం' అంటూ గొణిగి చూసుకుని, ఒకటి ఖాయం చేశాను.

తెల్లారి వాడు హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "తాతా! ఏ వాల్వు వేసినావు?"

"వాల్వు ముట్టలేదురా."

"మరి?"

"కడిగినాను."

నమ్మలేదు. ఏదో పాత మిలిటరీ వాల్వు నా ట్రంకుపెట్టెలో దాచుకున్నానని ఇప్పటికీ వాడి అనుమానం. స్నేహితులకు అట్లాగే చెప్పుకుంటున్నాడు కూడా. ఇద్దరు వచ్చి "తాతా, ఇంకొకటి ఉంటే చెప్పు, ఎంతైనా ఇస్తాం" అని అడిగిపోయారు.

ఇదంతా చేశాక కూడా అసలు దరిద్రం అట్లాగే ఉంది. గది. గది మాట ఎవడూ ఎత్తడు. కింద కడప బండలు, పైన సిమెంటు మిద్దె, చుట్టూ సున్నం గోడలు, రేకు తలుపుల కిటికీ. చప్పట్లు కొడితే పది చప్పట్లు వినపడతాయి. పక్కింట్లో జీన్స్ కుట్టే మిషన్లు, ఈ ఊరి బతుకుతెరువు అది, ఆపమనలేం. వీధి చివర లారీలు. మా డైనమిక్ మైకు చెవి కొంచెం మందం, మూర దూరం దాటితే పట్టించుకునేది కాదు. ఆ మందమే ఇట్లాంటి ఊళ్లో గుణం. కండెన్సరుకు అన్నీ వినపడతాయి. పక్కింటి మిషను, పై ఫ్యాను, వంటింట్లో మా కోడలు నన్ను తిట్టుకునేది కూడా రికార్డయింది. "గోడలకు నాలుగు బొంతలు కట్టరా, పరుపు నిలబెట్టరా" అంటే, వీడియోలో బాగుండదంట. వెనక నీలం లైటు కనపడాలంట.

సండూరు దిక్కునుంచి వచ్చే ఎర్రదుమ్ము ఇంకొక శత్రువు. ఆ పొర మీద ఎప్పుడూ వోల్టేజి ఉంటుంది కాబట్టి గాలిలో ఉన్న దుమ్మును దానంతటదే లాక్కుంటుంది. వాడుకోనప్పుడు స్విచ్చి ఆపి ఒక సంచి తొడిగితే చాలు. వీడు రాత్రింబవళ్లు దాన్ని స్టాండు మీద బోర్లా వేలాడదీసి ఉంచుతాడు, స్టూడియోలాగా కనపడుతుందని. ఇప్పుడు మా అవ్వ చీరతో కుట్టిన సంచి నేనే తొడుగుతున్నాను, వాడు తీసేస్తున్నాడు.

మొన్న సరిహద్దు పల్లె నుంచి ఒకామెను పిలిపించాడు, పాటలు రికార్డు చేయడానికి. నాట్లప్పుడు, పెళ్లిలో నలుగు పెట్టేటప్పుడు పాడే పాటలు. ఒక చరణం తెలుగులో ఉంటే తర్వాతి చరణం కన్నడలో ఉంటుంది, పాడే ఆమెకు ఆ తేడా పట్టనే పట్టదు. అరవై దాటి ఉంటాయి. గాలికి ఎదురు పాడి పాడి గట్టిపడిన గొంతు. మా మనవడు "అవ్వా, ఇంకా దగ్గరికి రా, ఇంకా" అంటూ మైకు మొహాన పెట్టాడు. పైగా ముందర నల్లబట్ట కట్టిన తెర. పాపం, ఆమె కళ్లు ఎటు చూడాలో తెలియక నేల చూపులు చూస్తోంది. గొంతు పెగల్లేదు. నేను లేచి, మైకును రెండు మూరల దూరం జరిపి, ఎత్తు పెంచి, ఆమెను కిటికీవైపు తిప్పాను. "పొలంలో అవతలి గట్టు మీదున్న ఆమెకు వినిపించాలమ్మా" అన్నాను. "అట్లయితే సరే అన్నా" అని ఎత్తుకుంది. మిద్దె అదిరింది. మిషన్లు కుట్టే ఆడపిల్లలు ఆపి వచ్చి వాకిట్లో నిలబడినారు. మిషన్లు ఆగాయి కాబట్టి రికార్డింగు కూడా శుభ్రంగా వచ్చింది.

ఆ పాటను వాడు ఏం చేశాడో చెప్పమంటారా? గొంతు శ్రుతి తప్పిందని కంప్యూటర్లో సరిచేశాడు. ఆమె కావాలని రెండు స్వరాల మధ్య జారవిడిచిన చోటల్లా మెట్లు కట్టాడు. తర్వాత వెనక వాన చప్పుడు, కప్పల అరుపు కలిపాడు, పల్లెటూరు ఫీల్ రావాలని. ఆపైన, ఇది వినండి, ప్లేటు గీతల చిటపట పూశాడు. నేను నాన్నా నాన్నా అని బతిమాలితే, ఏమీ కలపని పాటను ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. ఆమెకు పంపించాను.

ఇప్పుడు కొత్త పాట ఎత్తుకున్నాడు, మైకులో ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలంట. ఉన్నది చిన్నది, కింది స్థాయిలో గొంతు గట్టిగా పడితే చిక్కబడిపోతుంది, ఆ మాట నిజమే. స్వీడన్‌లో చేసేది ఒకటుందంట, కస్టమ్స్‌తో కలిపి మైకు ధరలో సగానికి దగ్గరగా అవుతుంది. ఆ డబ్బుకు ముందు కిటికీకి రేకు తలుపు తీసి కొయ్య తలుపు పెట్టించు, గోడకు బొంతలు కట్టు, మిగిలినదానితో ఇంకో నలుగురు ముసలివాళ్లను పిలిపించి పాడించు అని చెప్పాను. అంతా విని, "సరే తాతా" అని, నా ఎదురుగానే ఫోనులో ఆర్డరు పెట్టాడు. వచ్చినాక సోల్డరింగు నువ్వే చేయాలని కూడా చెప్పిపోయాడు.